నేరం కాదన్నారు.. జంట అనలేదు!

రేషన్ కార్డులో పేరెక్కాలంటే ఆ ఇంటి మనిషై ఉండాలి. బ్యాంకులో నామినీ పేరు రాస్తే ‘మీకేమవుతారు?’ అని అడుగుతారు. పెళ్లయిన దంపతులకు ఇవి చిన్న విషయాలు. ఇద్దరు ఆడవాళ్లో, ఇద్దరు మగవాళ్లో ఒకరికొకరు తోడుగా కాపురం ఉంటే మాత్రం ప్రతిచోటా చిక్కే. ఈ చిక్కు తీర్చాలనే స్వలింగ జంటలు, వారి తరఫు సంఘాలు కోర్టుల గడప తొక్కుతున్నాయి.

తొలగిన నేరం మచ్చ

ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను ఇలాంటి బంధాన్ని యావజ్జీవ శిక్ష వేయదగ్గ నేరంగా చూసింది. దానిపై 1994లో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంఘం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2001లో నాజ్ ఫౌండేషన్ మరో పిటిషన్ వేసింది. పోలీసుల భయంతో మనుషులు చాటుకు పోతున్నారని, ఎయిడ్స్ జాగ్రత్తలు చెప్పడమే కష్టమవుతోందని వాదించింది. 2009 జులై 2న ఆ సంస్థ గెలిచింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అయినా పట్టు విడవలేదు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా, ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ల బంధం నేరం కాదన్నారు.

హైదరాబాద్ జంట పిటిషన్

నేరం కాదు సరే, మరి హక్కుల మాటేమిటి? హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో, అభయ్ డాంగ్‌లు 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. మతాంతర దంపతులకు అక్కరకొచ్చే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని తమకూ వర్తింపజేయాలని కోరారు. మరికొందరి పిటిషన్లూ దానితో కలిశాయి. కేంద్రం వ్యతిరేకించింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయడం చట్టసభల పని అని 2023 అక్టోబరు 17న తీర్పు వెలువడింది. పునఃసమీక్ష పిటిషన్లనూ 2025 జనవరిలో తోసిపుచ్చారు.

దక్కినవి కొన్ని

ఓడిన ఆ కేసులోంచే కొంత మేలు జరిగింది. జంటల రోజువారీ ఇబ్బందుల పరిశీలనకు 2024లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. ఆ ఏడాదే కేంద్ర శాఖల నుంచి సూచనలు వెలువడ్డాయి. రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, తోడును నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు తోడుగా ఉన్నవారు మృతదేహాన్ని తీసుకోవచ్చు.

దక్కనివి ఎన్నో

జంటగా దత్తత తీసుకునే వీలు లేదు. భార్యాభర్తలకున్నట్టు వారసత్వ హక్కూ లేదు. ఇద్దరూ కూడబెట్టి కట్టుకున్న ఇల్లు ఒకరి పేరునే ఉండి, ఆ మనిషి వీలునామా రాయకుండా పోతే, ఇల్లు బంధువులకు చెందుతుంది. మిగిలినవారు వీధిన పడాల్సిందే. అందుకే వీలునామా ముఖ్యం. సలహా కావలసినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. ఫోన్ నంబరు 15100.

తీర్పులు ఢిల్లీలో వెలువడినా, వాటి ఫలం తేలేది చౌకధర దుకాణం దగ్గర, బ్యాంకు కౌంటరు దగ్గరే.