పార్కింగులో కారుకు సొట్ట : క్లెయిము గిట్టుబాటు అవుతుందా?

గుంటూరు మిర్చి యార్డులో గాని, నిజామాబాదు పసుపు యార్డులో గాని రాబడులు జోరుగా ఉన్న రోజులలో లారీలు, ఆటోలు, వర్తకుల కార్లు ఒకదానినొకటి ఒరుసుకొని నిలబడతాయి. బేరాలు ముగించుకొని వచ్చేసరికి కారు తలుపు సొట్టపడి, బంపరు పగిలి ఉంటుంది. తగిలించిన వాహనం జాడ ఉండదు. అప్పుడు పలువురు వర్తకులు చేసేది ఒక్కటే : కారును షెడ్డుకు పంపి బిల్లును బీమా కంపెనీపై వేయడం. ఏటా ప్రీమియం కడుతున్నాము గదా అన్నది వారి వాదన. కాగితంపై లెక్క వేసి చూచిన యెడల ఇది చాలసార్లు నష్టపు బేరమేనని తేలుతుంది.

ఉదాహరణకు షెడ్డు బిల్లు 9,000 రూపాయలు అనుకొందాం. అందులో కొత్త బంపరు 4,000, పెయింటింగు 4,000, కూలి 1,000. బంపరు ప్లాస్టిక్ సరకు గనుక తరుగుదల కింద సగం, అనగా 2,000 కోత పడుతుంది. పెయింటింగు బిల్లులో నాలుగోవంతును రంగు ఖరీదుగా లెక్కించి అందులో సగం, అనగా 500 తీసివేస్తారు. మిగిలిన 6,500లో పాలసీదారు తప్పనిసరిగా భరించవలసిన మొత్తం ఉన్నది. 1500 సి.సి. వరకు ఇంజను గల కార్లకు ఇది 1,000 రూపాయలు, అంతకు మించినవాటికి 2,000. చిన్న కారుకైతే చివరకు చేతికి వచ్చేది 5,500 రూపాయలు. పూర్తి తరుగుదల కవరు అదనంగా తీసుకొన్నవారికి మాత్రం మొదటి రెండు కోతలు ఉండవు.

ఇక ఖర్చు వైపు చూడాలి. క్లెయిము లేని సంవత్సరాలకు సొంత నష్టపు ప్రీమియంపై లభించే నో క్లెయిం బోనస్ మొదటి ఏడాది తరువాత 20 శాతం, ఆపైన వరుసగా 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిము చేస్తే తదుపరి రెన్యూవలులో ఇది సున్నాకు దిగి, మళ్ళీ కిందిమెట్టు నుండి ఎక్కవలసి ఉంటుంది. ప్రస్తుతం 35 శాతం బోనస్ ఉన్న వర్తకుడు క్లెయిము చేయకపోతే వచ్చే ఏడాది 45, ఆ తరువాత 50 పొందుతాడు. చేస్తే 0, 20, 25, 35, 45 గా నడుస్తుంది. ఐదేళ్ళలో తేడా మొత్తం 120 శాతం. బోనసుకు ముందు ప్రీమియం 12,000 అయిన పక్షంలో ఇది 14,400 రూపాయలు! కారు విలువ ఏటా తగ్గుతుంది గనుక ప్రీమియం గూడ తగ్గి అసలు తేడా కొంత తక్కువే ఉండవచ్చు. అయినను 5,500 కోసం దానికి రెట్టింపు పైగా వదులుకోవడం ఏ అడ్తిలోను చెల్లని లెక్క. బోనస్ ఇంకా మొదలుకాని కొత్త కారుకు ఇదే తేడా 50 శాతం, అనగా 6,000 మాత్రమే. అక్కడ లాభనష్టాలు దాదాపు సరిసమానం. బోనస్ రక్షణ కవరు ఉన్నవారు ఈ గొడవ లేకుండా పాలసీలో రాసినన్ని క్లెయిములు చేసుకోవచ్చు.

ఇందువల్లనే తగిలించి పోయిన వాహనం నంబరుకు ధర ఏర్పడుతున్నది. ఆ యజమాని గాని, అతని బీమా కంపెనీ గాని సొమ్ము చెల్లించినచో బాధితుని బోనస్ చెక్కుచెదరదు. కార్ల థర్డ్ పార్టీ పాలసీలలో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల రూపాయల వరకు కవరు ఉంటుంది.

నంబరు దొరికే అవకాశం మొదటి గంటలోనే ఎక్కువ. కారును కదపకముందే సొట్టకు, చుట్టుపక్కల బళ్ళకు, వాటి నంబరు ప్లేట్లకు ఫోనులో ఫొటోలు తీయాలి. అంటుకొన్న రంగు, నేల నుండి సొట్ట ఎత్తు చూస్తే తగిలినది లారీయా, కారా అనేది తెలిసిపోతుంది. సీసీ కెమేరా ఉన్న కొట్టును అదే రోజు అడగాలి. పాత రికార్డింగుపై కొత్తది పడి చెరిగిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. సరకుల లారీ అయితే మరొక దారి గూడ ఉన్నది. యార్డులోనికి సరకు వచ్చినప్పుడు గేటువద్ద నమోదవుతుంది. పక్క కొట్టులో బస్తాలు ఎగుమతి చేసుకొని పోయిన బండి అయితే ఈ-వే బిల్లులో దాని నంబరు ఉంటుంది. ఆ కొట్టువారితో ముఖపరిచయం ఉన్నవారికి ఇది పోలీసు విచారణకన్న వేగంగా పనిచేస్తుంది. పూర్వం ఏపీ 07 అని కనబడితే గుంటూరు బండి అని చెప్పగలిగేవారు. 2019లో రాష్ట్రమంతటికి ఏపీ 39 సిరీస్ వచ్చిన తరువాత ఆ సౌలభ్యం పోయింది. నంబరు సగమే గుర్తున్నవారికి ఇది ఇబ్బందే.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం మనిషికి దెబ్బ తగిలినా, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినా డ్రైవరు పోలీసులకు వివరాలు తెలుపవలసి ఉన్నది. పోలీసు అధికారి ఎదుట లేనప్పుడు సమీప స్టేషనులో 24 గంటలలోగా చెప్పాలి. ఉల్లంఘనకు శిక్షను 2019 సవరణలో ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూగా పెంచారు. డ్రైవరు ఎవరో పోలీసు అధికారి అడిగినప్పుడు చెప్పవలసిన బాధ్యత 133వ సెక్షను కింద యజమానిది. సొంత లారీలు నడిపే వర్తకులు దీనిని గుర్తుంచుకోవడం మంచిది. కావాలని చేసిన నష్టం కాదు గనుక ఇతర క్రిమినల్ కేసులు పెడతామన్న బెదిరింపులు సాధారణంగా నిలవవు. ఫిర్యాదు ఇచ్చి స్టేషను డైరీలో నమోదు చేయించుకొంటే చాలు. రేపు అవతలి కంపెనీపై పోవలసివస్తే ఆ కాగితం అక్కరకు వస్తుంది. ఆస్తి నష్టం దావాలను మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు విచారిస్తుంది గాని, 9,000 రూపాయలకు వాయిదాలు తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? నంబరు దొరికిన తరువాత అసోసియేషను పెద్దల సమక్షంలో మాట్లాడుకొని, రొక్కం పుచ్చుకొని, రసీదు రాసి ఇవ్వడమే పెక్కుచోట్ల జరుగుతున్నది. గుర్తుతెలియని వాహనాల ప్రమాదాలకు ప్రభుత్వ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ఇస్తున్నారు. సొట్టకు అందులో పైసా రాదు.

హోటళ్ళలో వ్యవహారం వేరు. తాళంచెవి సిబ్బందికి అప్పగించిన కారు, కోల్డు స్టోరేజీకి అప్పగించిన మిర్చి బస్తా వంటిది. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలులో 1998లో సిబ్బందికి అప్పగించిన మారుతి జెన్ కారు దొంగతనంపై సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెబుతూ, తగిన జాగ్రత్త తీసుకొన్నామని రుజువు చేయవలసినది హోటలేనని, 'యజమాని బాధ్యతపైనే' అని చీటీపై అచ్చువేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుండి తప్పించుకోజాలదని పేర్కొన్నది. ఆ తీర్పు దొంగతనం గురించినదే గాని, అప్పగింత సూత్రం సొట్టకు గూడ వర్తిస్తుంది. కనుక తాళంచెవి ఇచ్చేటప్పుడు కారు చుట్టూ ఒక ఫొటో తీసుకొని, తిరిగి తీసుకొనేటప్పుడు అక్కడికక్కడే చూచుకొని, సొట్ట ఉంటే మేనేజరుచేత రాయించుకోవాలి. గేటు దాటిన తరువాత అది ఎక్కడ పడినదో రుజువు చేయడం కష్టం. తాళం తమవద్దనే ఉంచుకొని స్థలానికి మాత్రం చీటీ తీసుకొన్న చోట ఈ వాదన అంత గట్టిగా నిలవదు.