మేయరమ్మకి ఓటెక్కడ వెయ్యాలి?

2025 ఏప్రిల్ నెలాఖరు. అమలాపురంలో మా వీధి చివరింటి పిన్నిగారి వరండాలో కూర్చుని పనసపొట్టు కొడుతున్నాం. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది, కరెంటు లేదు. జిగురంటకుండా చేతులకి నూనె రాసుకున్నాం కాబట్టి ఫోను మోగినా ఎవరూ తియ్యలేదు. మూడోసారి మోగేసరికి పిన్నిగారే చీరచెంగుతో వేలు తుడుచుకుని నొక్కారు. విశాఖలో కాపురం ఉంటున్న వాళ్ల రెండో అమ్మాయి.

“అమ్మా, మా మేయరు మారిపోయారే!”

“అదేవిటే, ఎలక్షన్లెప్పుడొచ్చాయి? నువ్వు ఓటేశావా?”

“నేనెక్కడ వేశానమ్మా! టీవీలో చూసేదాకా నాకూ తెలీదు.”

ఫోను పెట్టేశాక పిన్నిగారు నావైపు తిరిగారు. “పేపరంతా చదువుతావు గదమ్మా, ఇంతకీ ఈ మేయరుకి ఓటెక్కడ వెయ్యాలో చెప్పు” అన్నారు. చెప్పొద్దూ, ఆ పూట నాకు సరైన జవాబు రాలేదు. ఇంటికొచ్చి అడిగినవాళ్లనల్లా అడిగి, చదివి, తెలుసుకున్నదే ఇది. మన కోనసీమలో కార్పొరేషన్ లేదు, మేయరూ లేరు. అయినా కాకినాడ, రాజమండ్రి, విశాఖ, హైదరాబాదుల్లో మన ఆడపిల్లలు లేని ఊరేదీ! వాళ్ల వీధికి నీళ్లొచ్చేదీ, చెత్తబండి వచ్చేదీ, ఇంటిపన్ను పెరిగేదీ ఆ మేయరుగారి సభలోనే గదా.

మన పల్లెలో సర్పంచికి మనమే ఓటేస్తాం. కాగితం మీద సర్పంచి గుర్తు చూసి గుద్దుతాం. నగరంలో అలా కాదు. మన డివిజనులో నిలబడ్డ కార్పొరేటరుకి మాత్రమే ఓటు. గెలిచిన కార్పొరేటర్లంతా ఒకరోజు సమావేశమై, ప్రమాణాలు చేసి, చేతులెత్తి మేయరుని ఎన్నుకుంటారు. ఆ ప్రాంతపు ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా హోదాని బట్టి సభ్యులుగా వచ్చి చెయ్యెత్తొచ్చు. ఎవరికి ఎత్తాలో పార్టీ ముందే విప్ జారీ చేస్తుంది. మీరింట్లో కూర్చుని టీవీలో చూడ్డమే. మండల ప్రెసిడెంటుని ఎంపీటీసీలు ఎన్నుకోవటం చూశారు గదా, అచ్చంగా అదే పద్ధతి.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. ఈ కథలో మలుపులు చాలా ఉన్నాయి.

హైదరాబాదుకి మొదటి మేయరు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. 1951లో అయ్యారు. ఆయన పేరు వింటే మన ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. నిజాం రోజుల్లో తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి కోసం పాటుపడిన మనిషి ఆయన. నారాయణగూడలో ఆ బడి ఈనాటికీ ఆయన పేరు మీదే ఉంది. ఆ రోజుల్లో మేయరు పదవి ఏడాదికే. కౌన్సిలర్లు ఎన్నుకునేవారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఎన్నిక. అలా 1960ల్లోనే ఇద్దరు ఆడవాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. వనపర్తి సంస్థానం కోడలు రాణి కుముదినీదేవి ఒకరు. కుష్ఠురోగుల కోసం కూకట్‌పల్లి దగ్గర శివానంద ఆశ్రమం పెట్టింది ఆవిడే. రెండోవారు సరోజినీ పుల్లారెడ్డి, 1965లో. అప్పటికి రిజర్వేషన్ లేదు, కోటా లేదు. ఆ సభలో చేతులెత్తినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే అయినా వాళ్లు నెగ్గారు.

ఆ తరువాత హైదరాబాదుకి వచ్చినవి ఖాళీ ఏళ్లు. 1970ల నుంచి 1986 దాకా ఎన్నికల్లేవు. 1986లో ఒకసారి జరిగి, 1991లో ఆ పాలకవర్గం పోయాక మళ్లీ 2002 దాకా లేవు. అన్నేళ్లూ ఆఫీసర్లే నడిపించారు. ఈ ఖాళీ ఏళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మన పక్క ఊళ్ల కథలో మళ్లీ వస్తుంది.

ఈలోపు ఢిల్లీలో 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 జూన్ 1 నుంచి అమలు. మున్సిపాలిటీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకివ్వాలన్నది అందులోదే. చైర్మన్, మేయరు కుర్చీలు కూడా వంతులవారీగా మనకొచ్చాయి. తరువాత మన రాష్ట్రంలో ఆ మూడోవంతు సగమైంది. అప్పట్లో మా ఇంట్లో పెద్దాయన పేపరు మడిచి, “ఇక మీరు ఊళ్లేలుతారన్నమాట, మరి కూర ఎవరు తరుగుతారు?” అన్నారు. కూర మేమే తరిగాం లెండి. ఊళ్లు కూడా ఏలారు, మాలో కొందరు.

అసలు పండగ 2000 సంవత్సరంలో జరిగింది. అప్పుడు మేయరుని జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి ఉంది. రెండు ఓట్లు. కార్పొరేటరుకి ఒకటి, మేయరుకి ఒకటి. విజయవాడలో పంచుమర్తి అనూరాధ గెలిచారు. అప్పటికావిడ వయసు 26. మన ఇళ్లల్లో ఆ వయసు కోడలికి బీరువా తాళాలివ్వటానికే ఆలోచిస్తాం. ఊరు ఊరంతా కలిసి కార్పొరేషన్ తాళాలిచ్చేసింది! విశాఖలో అదే ఏడు రాజాన రమణి గెలిచారు. 2002లో హైదరాబాదు జనం కూడా నేరుగానే ఓటేసి తీగల కృష్ణారెడ్డిని గెలిపించారు. పొరుగున చెన్నైలోనూ 1996లో ఇలాగే జనం నేరుగా ఓటేశారు. అప్పుడు గెలిచిన మేయరు ఎం.కె. స్టాలిన్. అక్కడా తరువాత పద్ధతి మారింది. 2022లో 28 ఏళ్ల ఆర్. ప్రియ మేయరైంది కౌన్సిలర్ల ద్వారానే.

నేరుగా ఓటెయ్యటంలో చిక్కు లేకపోలేదు. మేయరు ఒక పార్టీ, కార్పొరేటర్లలో ఎక్కువమంది ఇంకో పార్టీ అయితే, ఇద్దరి మధ్యా రోడ్డు పని ఇరుక్కుంటుంది. అత్త ఒక మాట, కోడలు ఒక మాట అంటే పొయ్యి మీద పాలు ఏమవుతాయో మీకు నేను చెప్పాలా? 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ పాత పద్ధతికే వచ్చేశారు. అప్పట్నించీ కార్పొరేటర్లే ఎన్నుకుంటున్నారు.

దాని ఫలితం మొదట కనబడింది విజయవాడలోనే. 2005లో గెలిచిన పాలకవర్గం ఒక్కటే, అయిదేళ్లలో మేయర్లు మాత్రం ముగ్గురు. తాడి శకుంతల, మల్లికా బేగం, రత్నబిందు. ముగ్గురూ ఆడవాళ్లే. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లు వంటకి వంతులేసుకున్నట్టు కుర్చీని వంతులేసుకున్నారు. ముగ్గురికి అవకాశం వచ్చిందని సంతోషించేవాళ్లున్నారు. నాకు మాత్రం ఫైళ్లు ఎక్కడున్నాయో తెలిసేసరికే దిగిపోయే రోజు వచ్చి ఉంటుందనిపిస్తుంది. హైదరాబాదు గ్రేటర్ అయ్యాక 2009లో బండ కార్తీకరెడ్డి మేయరయ్యారు. అక్కడ ఏ పార్టీకీ సొంతంగా బలం లేదు. కాంగ్రెస్, మజ్లిస్ పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 2012లో ఆవిడ దిగితే మాజిద్ హుస్సేన్ ఎక్కారు.

ఇక మన గడపలోకి వద్దాం.

కాకినాడకి 2010 తరువాత ఏళ్లకేళ్లు పాలకవర్గమే లేదు. 2017 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. 48 డివిజన్లలో తెలుగుదేశానికి 32 వచ్చాయి. ఆ సెప్టెంబరులో సుంకర పావని మేయరయ్యారు. నాలుగేళ్లు గడిచాయి. మేయరు పదవి చేపట్టి నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదని చట్టం. 2021 సెప్టెంబరుకి ఆ గడువు తీరింది. అక్టోబరులో అవిశ్వాసం వచ్చింది. ఈలోపు రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆవిడని ఎన్నుకున్న కార్పొరేటర్లలో చాలామంది కూడా అటు మారిపోయారు. పావని దిగిపోతే సుంకర శివప్రసన్న మేయరయ్యారు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు, పార్టీలూ వేరు. జనం మాత్రం మధ్యలో ఒక్క ఓటూ వెయ్యలేదు.

ఇప్పుడు పిన్నిగారి అమ్మాయి ఫోను సంగతికి రండి. విశాఖలో 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్లు పాలకవర్గం లేదు. 2021 మార్చిలో 98 డివిజన్లకి ఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ 58 గెలిచింది. మార్చి 18న గొలగాని హరి వెంకటకుమారి మేయరయ్యారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 మార్చి 18కి ఆవిడకి నాలుగేళ్లు నిండాయి. ఏప్రిల్ 19న అవిశ్వాసం, అనుకూలంగా 74 ఓట్లు. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయరు. కాకినాడ కథే, పార్టీల పేర్లు మాత్రం అటు ఇటు. అందుకే ఇందులో ఏ ఒక్క పార్టీనీ తిట్టబుద్ధి కాదు, పొగడబుద్ధీ కాదు. నాలుగేళ్ల గడువు అయిదో ఏటికి రాగానే పండిన పనసకాయలా వాసన కొడుతుంది, అంతే.

రాజమండ్రి సంగతి ఇంకో తీరు. మనవాళ్లు పెళ్లిచీరలకి, పెద్ద డాక్టర్లకి వెళ్లే ఊరది. 1994లో కార్పొరేషనయింది. ఆదిరెడ్డి వీరరాఘవమ్మ, 2014లో పంతం రజనీ శేషసాయి మేయర్లుగా చేశారు. 2019లో ఆ పాలకవర్గం గడువు తీరింది. 2021లో విశాఖ, విజయవాడల్లో ఎన్నికలు జరిగినప్పుడు కూడా ఇక్కడ జరగలేదు. పక్క పల్లెలు కలపటం గురించి పేచీలు, కోర్టు వ్యవహారాలు. మేయరుని మధ్యలో మార్చేస్తే బాధే. అసలు కార్పొరేటరే లేకపోతే? వీధిలో కాలవ పొంగితే ఏ గుమ్మం ఎక్కి అరవాలి? ఆఫీసరుగారు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళతారు. మన వదినగారికి ఆయన పేరు తెలిసేలోపే ఇంకొకాయన వస్తారు. ఆ వీధి కార్పొరేటరమ్మ అయితే శ్రావణ శుక్రవారం పేరంటంలో దొరుకుతుంది గదా.

“ఆడ మేయరంటే పేరుకే, నడిపేది మొగుడు” అన్న మాట మీరూ వినే ఉంటారు. అబద్ధమని నేననను. మీటింగులో మేయరమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న భర్తగార్ల ఫొటోలు మనం చూడనివా? కానీ ఆ ఒక్క మాటతో అందర్నీ కొట్టిపారేస్తే అన్యాయం. 2021లో ఒక్క విడతలోనే విశాఖ, విజయవాడ, తిరుపతి, ఒంగోలు, విజయనగరం, మచిలీపట్నం, ఏలూరు మేయర్లంతా ఆడవాళ్లే. తిరుపతి మేయరు శిరీష డాక్టరు. 26 ఏళ్లకి మేయరైన అనూరాధ 2023లో ఎమ్మెల్సీ అయ్యారు. ఆ కుర్చీ కొందరికి మెట్టయింది. ఒకరికి మృత్యువైంది. చిత్తూరు మేయరు కఠారి అనూరాధని 2015 నవంబరు 17న కార్పొరేషన్ ఆఫీసులోని ఆవిడ గదిలోనే చంపేశారు. ఆ దాడిలోనే ఆవిడ భర్త కూడా పోయారు. “పేరుకే మేయరు” అనేవాళ్లకి ఆ గది గుర్తుండాలి.

అమలాపురం సంగతి కూడా చెప్పాలి గదా. మనకి మేయరు లేకపోయినా మున్సిపల్ చైర్‌పర్సన్ ఉంటారు. అక్కడా ఇదే పద్ధతి. వార్డు కౌన్సిలరుకే మన ఓటు. చైర్‌పర్సన్‌ని వాళ్లు చేతులెత్తి ఎన్నుకుంటారు. రామచంద్రపురం, మండపేటల్లోనూ అంతే.

ఇదంతా వారం తరవాత పిన్నిగారికి చెప్పాను. ఆవిడ ఆవపెట్టిన పనసపొట్టు కూర గిన్నెలో పెట్టి ఇస్తూ విన్నారు. నాకైతే నేరుగా ఓటెయ్యటమే బాగుందనిపిస్తుందని, ఎంత చిక్కున్నా మన చేత్తో ఎక్కించినవాళ్లని మన చేత్తోనే దింపొచ్చని అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“అలా అయితే డబ్బున్నవాళ్లే నిలబడతారే. ఊరంతా తిరగాలంటే మాటలా? వార్డయితే మనలాంటిదీ నిలబడొచ్చు” అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తరవాత విశాఖ అమ్మాయికి ఫోను చేసి ఒక్కటే చెప్పారు. “ఈసారి ఓటడగటానికొస్తే కుళాయి సంగతి తరవాత అడుగు గానీ, మేయరుకి చెయ్యెవరికెత్తుతావని ముందడుగు. నాలుగేళ్లయ్యాక ఎవరికెత్తుతావని కూడా అడుగు.”

అవతల్నించి అమ్మాయి, “చెప్తారంటావా అమ్మా?” అంది.

“చెప్పకపోతే మంచినీళ్లిచ్చి పంపించు, కాఫీ ఇవ్వకు” అన్నారు పిన్నిగారు.