ఉఱుముల పైనున్న విద్యుత్తు

నల్లమలపై మేఘము గర్జింపఁగా పిడుగు నేలకు దిగుటను మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారందఱు నెఱుఁగుదురు. మేఘమునుండి విద్యుత్తు పైకిని పోవును. కపిలతోఁ దోడిన నీరు మడులఁ బాఱి మరల నేలలోనికి నింకునట్లు, అది మీఁది యాకాశమున వ్యాపించి, మబ్బులేని దినములలో మెల్లగా భూమికిఁ జేరుచుండును.

ఈ మార్గమును కొలుచుటకు బెలూనులు తగిన సాధనములు. అవి విమానములకంటె నెత్తునకుఁ బోయి గంటలకొలఁది నిలువఁగలవు. 2002 లో బ్రెజిలు దేశమున శాస్త్రజ్ఞులు వానిని ఉఱుము మేఘములకుఁ బైగాఁ బంపి విద్యుద్బలమును కొలిచిరి. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి 1980 దశకమున నెగిరిన బెలూనులు, నిర్మలాకాశమున గాలి విద్యుత్తును ఎంతవఱకు సాగనిచ్చునో తెలిపినవి.

పని ముగియఁగనే పరికరముల పెట్టె గుడ్డగొడుగుతో నేలకు దిగును. అట్టిది ఎచటనైన పొలమునఁ గనఁబడినచో విప్పక పోలీసువారికిఁ దెలుపుఁడు. అందలి కొలతలు చెడినచో అంత శ్రమయు వృథయగును.