అమ్మమ్మ ఒడి, కారు సీటు

డల్లాస్‌లో ఉన్నన్నాళ్లూ పాలప్యాకెట్టు తేవడానికి వెళ్లినా సరే, బిడ్డను కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించనిదే బండి తీయరు. ఆ దంపతులే శంషాబాద్‌లో దిగి విజయవాడ బయల్దేరితే, అయిదు గంటల దారీ బిడ్డ అమ్మమ్మ ఒడిలోనే. ప్రేమ తగ్గిందా? లేదు. ప్రమాదం సంగతి తెలియదా? తెలుసు. చుట్టూ ఉన్న లోకం మారింది, అంతే.

అమెరికాలో పిల్లలకు కారు సీటు తప్పనిసరి చేసే చట్టం మొదట 1978లో టెన్నెసీలో అమల్లోకి వచ్చింది. 1985కల్లా అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టం చేశాయి. చాలా ఆసుపత్రుల్లో కాన్పయ్యాక ఇంటికి పంపేముందు కారులో సీటుందా అని నర్సు అడుగుతుంది. మొదటి ప్రయాణంతోనే అలవాటు పడిపోతుంది. మన దేశంలోనూ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా అంటోంది. కానీ దానికోసం బండి ఆపి అడిగేవారు అరుదు. అద్దె కార్లలో సీటు సాధారణంగా ఉండదు. కొందామంటే వేలల్లో ఖర్చు, బిడ్డ ఎదిగితే మళ్లీ మరొకటి.

వీటన్నిటికన్నా బలమైనది ఒడి మీద నమ్మకం. ‘‘పసిగుడ్డును అలా కట్టేస్తారటర్రా, ఇలా ఇవ్వండి’’ అని పెద్దావిడ చేతులు చాస్తే కాదనడం కష్టం. అయితే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే మూడంతస్తుల ఎత్తు నుంచి పడటంతో సమానం. ఆ క్షణంలో పది కిలోల బిడ్డ నూరు కిలోలు దాటిన బరువులా ముందుకు దూసుకుపోతుంది. ఎంత ప్రేమగల చేతులైనా ఆపలేవు. కార్లలో సరైన సీటు ఏడాదిలోపు పిల్లల మరణాలను 71 శాతం తగ్గిస్తుందని అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ లెక్క.

సీటు కొన్నవాళ్లూ తడబడే చోటు ఒకటుంది. కాళ్లు ముడుచుకుంటున్నాయని, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డను తొందరపడి ముందువైపుకు తిప్పేస్తారు. కాళ్లు ముడుచుకుంటే నష్టం లేదు. పసివాళ్లకు తల బరువు, మెడ లేత. వెనక్కి తిరిగి కూర్చుంటే దెబ్బ వీపంతటా పరుచుకుంటుంది. అందుకే ఆ సీటు అనుమతించే బరువు, ఎత్తు దాటేదాకా తిప్పకూడదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే.

ఊరొచ్చేవారికి చాలా విమాన సంస్థలు కారు సీటును ఉచితంగానే తెచ్చుకోనిస్తాయి. వెనక సీట్లో దాన్ని బిగించి, పక్కనే అమ్మమ్మను కూర్చోబెడితే, సూర్యాపేట దాకా మనవరాలు ఆవిడ వేలు పట్టుకునే ఉంటుంది.