కావలివాని ముద్ర

గత మాసమున మా సంఘ కార్యాలయమందు సంభవించిన యొక చిక్కు తక్కిన సంఘములకును కలుగవచ్చును గనుక, దాని కారణమును, మేము చేసిన ఉపాయమును ఇచట తెలుపుచున్నాము.

మా కంప్యూటరు పాతది; విండోస్ 7తో నడచుచున్నది. క్రోమ్ బ్రౌజరు క్రొత్త కూర్పులు 2023 నుండి దానిపై పనిచేయకుండుటచే, 2009లో ఫైర్‌ఫాక్స్ నుండి పుట్టిన పేల్ మూన్ అను బ్రౌజరును పెట్టుకొంటిమి. ఎరువుల సొమ్ము చెల్లింపగోరి బ్యాంకు సైటును తెరువగా, ఆ సర్టిఫికెట్టు నిచ్చినవారిని తానెరుగనని బ్రౌజరు అడ్డగించెను. గుమాస్తా హెచ్చరికను దాటి పోబోయెను గాని మేము వలదంటిమి. సభ్యుల డిపాజిట్లన్నియు ఆ ఖాతాలోనే గదా!

విచారింపగా తేలినది యిది. యాంటీవైరస్ మన సైట్ల రహస్య సమాచారమును నడుమనే విప్పి పరీక్షించును. లక్కముద్ర గల కవరును కావలివాడు తెరచి చూచి, మరల మూసి, తన ముద్ర వేసి పంపినట్లన్నమాట. ఆ ముద్రను అది విండోస్ పట్టికలో ముందే వ్రాయించుకొనును. క్రోమ్ ఆ పట్టికను మన్నించును. పేల్ మూన్ అట్లుగాక తన సొంత పట్టికనే నమ్మును. ఫైర్‌ఫాక్స్‌కును ఈ బాధ యుండెడిది. 2019లో వచ్చిన 68వ కూర్పున దానిని చాలవరకు సవరించిరి. కొద్దిమంది వాడు బ్రౌజరును యాంటీవైరస్ వారు తలచుకొనుట అరుదు.

ఇట్టి హెచ్చరిక వచ్చినపుడు సర్టిఫికెట్టును తెరచి, జారీచేసినవారి పేరు చదువవలెను. అచట యాంటీవైరస్ పేరున్నచో, దాని సెట్టింగులలో హెచ్‌టీటీపీఎస్ పరీక్షను మాత్రము ఆపి, బ్రౌజరును మూసి మరల తెరువవలెను. హెచ్చరిక పోయెనా, దోషము కావలివానిదే. పోకున్నచో పాస్‌వర్డు కొట్టక, బ్యాంకువారిని ఫోనులో అడుగవలెను. యాంటీవైరస్‌ను మొత్తముగా ఆపుట ఎన్నడును కూడదు.

యాంటీవైరస్ మూల సర్టిఫికెట్టును బ్రౌజరు పట్టికలో చేర్చుట మరియొక మార్గము. మేమందుల కొప్పుకొనలేదు, బ్యాంకు ముద్రను బ్రౌజరు స్వయముగా చూచుటయే మాకు మేలని తోచినది. ఫైళ్ల పరీక్ష యథాప్రకారము సాగుచునే యున్నది.

ఒక్కొక్కప్పుడు వాడువారు తక్కువయను అనుమానముతో యాంటీవైరస్ బ్రౌజరు ఫైలునే క్వారంటైనులో పెట్టును. తయారుచేసినవారి సైటునుండి తెచ్చినదనియు, వారి డిజిటల్ సంతకము సరియైనదనియు రూఢి చేసికొనిన పిమ్మటనే దానిని విడిపింపవలెను.

విండోస్ 7కు సాధారణ భద్రతా సవరణలు 2020 జనవరిలోనే ఆగిపోయినవి. కావున బ్యాంకు పనికై క్రొత్త కంప్యూటరు కొనుటకు పాలకవర్గమునకు వ్రాసియున్నాము.