గోడలు నిలిచాయి, మరి మనుషులు?

మలేషియాలోని పెనాంగ్ దీవిలో జార్జ్ టౌన్ అనే రేవు పట్టణం ఉంది. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ స్థాపించిన ఊరు. ఇక్కడ ఒకే వీధిలో చర్చి, చైనీయుల గుడి, మారియమ్మన్ కోవెల, మసీదు కనిపిస్తాయి. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే ఈ ఊరి రూపం గుళ్లలో కన్నా దుకాణపు ఇళ్లలోనే ఎక్కువగా ఉంది. కింద అంగడి, పైన కాపురం. ముందు భాగం ఇరుకు, లోపలికి పొడవు. మధ్యలో మన మండువా ఇంట్లోలాగా ఆకాశం కనిపించే చోటు. ప్రతి ఇంటి ముందూ సుమారు ఐదడుగుల వెడల్పున కప్పున్న నడవ. ఎండలోనైనా వానలోనైనా జనం ఆ నడవల వెంటే వీధంతా తిరగగలరు. ఒక్కరు తమ నడవను మూసేస్తే అందరి దారీ తెగుతుంది. అందుకే ఇక్కడి నిబంధనలు ఒక్కో భవనంతో ఆగకుండా మొత్తం వరసను కాపాడతాయి.

వారసత్వ ప్రాంతంలో కొత్త కట్టడం 18 మీటర్ల ఎత్తు దాటకూడదు. జాబితాకెక్కిన వెంటనే కొన్ని హోటళ్ల ఎత్తు వివాదమైంది, వాటిలో కొన్నింటికి ఎత్తు తగ్గించక తప్పలేదు. పాత గోడలకు సున్నపు పూతే వేయాలంటారు. ఇది అందం కోసం కాదు. ఇటుకలో చేరిన తేమ సున్నం గుండా బయటికి పోతుంది, సిమెంటు పూస్తే లోపలే నిలిచి గోడను తినేస్తుంది.

ఇంత పకడ్బందీ నిబంధనలకూ అందని విషయం ఒకటుంది: అద్దె. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లకు దశాబ్దాల పాటు అద్దె నియంత్రణ ఉండేది. దానివల్ల పేద చేతిపనివారు, చిరువ్యాపారులు అక్కడే నిలిచారు. కాకపోతే వచ్చే కొద్దిపాటి అద్దెతో యజమానులు మరమ్మతుల జోలికి పోలేదు. 2000 జనవరిలో నియంత్రణ పూర్తిగా ముగిసింది. అద్దెలు పెరిగాయి, ఎందరో ఇళ్లు ఖాళీ చేశారు. అలా ఖాళీ అయిన కొన్ని ఇళ్లలో కిటికీలు మూసి, లోపల తేమ పెంచి, చైనీయులు సూపు చేసుకునే పక్షి గూళ్ల కోసం ఆ పక్షులను పెంచారు. ఆ తేమకు గోడలు దెబ్బతిన్నాయి. చివరికి వారసత్వ ప్రాంతంలో ఆ పెంపకాన్ని 2013 ఆఖరుకల్లా తొలగించాలని గడువు పెట్టారు.

యునెస్కో గుర్తింపు వచ్చాక అవే ఇళ్లు హోటళ్లుగా, కెఫేలుగా మారసాగాయి. ముందుభాగం చెక్కుచెదరలేదు, లోపలి బతుకు మాత్రం మారిపోయింది. థింక్ సిటీ అనే సంస్థ 2009 నుంచి మరమ్మతులకు ఆర్థిక సాయం అందించడం మేలైన అడుగే.

పాత పట్టణాలకు నిబంధనలు రాసేవారు ఎత్తు, రంగు, పూతలతో ఆగకూడదు. మరమ్మతు ఖర్చు ఎవరిది, అద్దెకున్నవాడి గతేమిటి అన్నవి కూడా అందులోనే రాయాలి. ఆ రెండూ లేని పట్టణ ప్రణాళిక సగమే.