ఆ అరవై రోజుల కథ ఎవరు చెప్పాలి?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కిందటేడు ఇంగ్లిష్ టీచర్ క్లాసుకు ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. తమకు స్వయంగా జరిగిన సంగతి ఏదైనా ఐదు నిమిషాల్లో అందరి ముందు చెప్పాలి. రెండు రోజులు కూర్చుని రాసుకుంది. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, ‘‘నాన్నా, ఇది చెప్పనా?’’ అంది.

అది 2023లో నా ఉద్యోగం పోయినప్పటి సంగతి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి. రెండూ కాకపోతే పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. లాయర్‌తో మాట్లాడాలంటే గరాజ్‌లోకి వెళ్లి, కారులో కూర్చుని మాట్లాడేవాణ్ని. పిల్లలకు ఏమీ తెలియదనుకున్నాం. నేను గరాజ్‌లోకి వెళ్లినప్పుడల్లా మా అమ్మాయి బరువు చూసుకునే మిషన్ మీద తన పుస్తకాలు పెట్టి తూచుకునేదట. 23 కిలోల సూట్‌కేసులో ఏవి పడతాయో, ఏవి వదిలేసి వెళ్లాలో లెక్క వేసుకునేదట.

52వ రోజున కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. గండం గడిచింది. ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కాగితం చదివి వద్దన్నాను. ‘‘మీ క్లాసులో సగం మంది మనవాళ్ల పిల్లలే. రేపటికల్లా ఫ్రిస్కో అంతా తెలుస్తుంది’’ అన్నాను. అది వాదించలేదు. ఇండియా ట్రిప్ గురించి ఏదో చెప్పి మంచి మార్కులే తెచ్చుకుంది. ‘‘మనమేమైనా దొంగతనం చేశామా?’’ అని మా ఆవిడ అన్నమాట మాత్రం నన్ను వదల్లేదు.

అంకెలు కాదు, అమ్మమ్మ

ఆ అసైన్‌మెంట్‌కు ముందు టీచర్ క్లాసులో ఒక ప్రసంగం చూపించారట. రాత్రి నేనూ చూశాను. అలబామాలో పనిచేసే న్యాయవాది బ్రయాన్ స్టీవెన్‌సన్ 2012లో టెడ్ వేదికపై ఇచ్చిన ప్రసంగం అది. పేదలకు, జైళ్లలో మగ్గే పిల్లలకు న్యాయం గురించి మాట్లాడాలి. ఆయన చట్టంతో మొదలుపెట్టలేదు. బానిసలుగా బతికినవారి బిడ్డ అయిన తన అమ్మమ్మ, తన చేత చిన్నప్పుడు ఒట్టు వేయించుకున్న సంగతితో మొదలుపెట్టారు. సభలో నవ్వులు పూశాయి. ఆ నవ్వులు ఆగేలోపే అందరినీ జైలు గదుల్లోకి తీసుకెళ్లారు.

ఆ సభలోని వారు ఆయన సంస్థకు పది లక్షల డాలర్లకు పైగా విరాళమిచ్చారు. అదే ఏడాది జూన్‌లో, ఆయన వాదించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 18 ఏళ్లలోపు వారికి పెరోల్ లేని యావజ్జీవాన్ని తప్పనిసరి శిక్షగా విధించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ప్రసంగం వల్ల తీర్పు రాలేదు. దాని వెనుక ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన శ్రమ ఉంది. కానీ కోర్టు గడప తొక్కని లక్షల మందికి ఆ శ్రమ అర్థమైంది ఆ అమ్మమ్మ వల్లే.

టెడ్ 1984లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో మొదలైంది. టెక్నాలజీ, వినోదం, డిజైన్ రంగాల వాళ్లు కలుసుకునే సభ. 2006లో ప్రసంగాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాక ప్రపంచమంతా పాకింది. సాధారణంగా ఒక్కొక్కరికి 18 నిమిషాలు మించకూడదని నియమం. మన సభల్లో వేదికపైకి ఆహ్వానాలకే అంత సమయం పడుతుంది!

మనకు దగ్గరి ఉదాహరణా ఉంది. హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థను నడిపే సునీతా కృష్ణన్ 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో మాట్లాడారు. అక్రమ రవాణాకు గురైన ఆడపిల్లల గురించి చెబుతూ, పదిహేనేళ్ల వయసులో తనపై జరిగిన సామూహిక అత్యాచారాన్ని తలదించుకోకుండా చెప్పారు. సిగ్గుపడాల్సింది ఎవరు అన్న ప్రశ్నను సభ వైపు తిప్పారు. మౌనం వీడండి, కనీసం ఇద్దరికైనా ఈ మాట చెప్పండి అని అడిగారు.

మనకు కొత్తేం కాదు

కథతో జనాన్ని కదిలించడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు ఒంటిచేత్తో హరికథతో సభను రాత్రంతా కూర్చోబెట్టారు. హరికథలో పిట్టకథ ఎందుకు? పెద్ద మాట నేరుగా తలకెక్కదు కాబట్టి. బుర్రకథలో కథకుడి పక్కన ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం చెప్పేది అందుకే. నాజర్ గారి బుర్రకథలు ఊరూరా జనాన్ని కదిలించాయి.

ఇక్కడికొచ్చాక మన వేదికలు మారిపోయాయి. జ్యోతి ప్రజ్వలన, శాలువా, స్పాన్సర్లకు కృతజ్ఞతలు, విజయగాథ. సున్నా నుంచి మొదలుపెట్టి కంపెనీ పెట్టినవాళ్లే మైకు ముందుకు వస్తారు. కంపెనీ మూతపడినవాళ్లు వెనక వరుసలో చప్పట్లు కొడతారు. పండక్కి వచ్చిన కుర్రాడికి ఆ హాల్లో ఓడిపోయింది తానొక్కడే అనిపిస్తుంది.

పార్కింగ్ లాట్‌లో

ఈ సంక్రాంతికి మా ఊరి తెలుగువాళ్లు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కొత్తగా చదువు పూర్తిచేసిన పిల్లలకు కెరీర్ సలహాలట. స్లైడ్లు చేసుకున్నాను. ముందురోజు రాత్రి అవి పక్కనపెట్టి తెనాలికి ఫోన్ చేసి, అప్పుడు దాచిన సంగతి నాన్నకు చెప్పాను. ‘‘మీ అమ్మకు అప్పుడే అనుమానం వచ్చిందిరా. నువ్వే చెబుతావని ఊరుకున్నాం’’ అన్నారు.

మా అమ్మాయిని అడిగాను, పుస్తకాల సంగతి చెప్పనా అని. ‘‘అది నాది నాన్నా. నీది నువ్వు చెప్పు’’ అంది. నేను నోరు మూయించిన పిల్ల నాకు నేర్పిన పాఠం అది. ఎవరి కథ వాళ్లది. అడగకుండా పిల్లల కష్టాన్ని మైకులో వినిపించి చప్పట్లు కొట్టించుకోవడం తప్పు. వాళ్లు చెబుతామంటే ఆపడమూ తప్పే.

మర్నాడు గరాజ్ సంగతి చెప్పాను. చప్పట్లు పెద్దగా రాలేదు. పార్కింగ్ లాట్‌లో ఒక కుర్రాడు కారు దగ్గర ఆగి ఉన్నాడు. ‘‘అన్నా, నేను ఓపీటీలో ఉన్నా. ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజుల్లో 50 అయిపోయాయి. ఇంట్లో జాబ్ చేస్తున్నానని చెప్పా’’ అన్నాడు. ఆ చలిలో గంటసేపు మాట్లాడుకున్నాం. రెజ్యూమె సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ నాన్నకు ఫోన్ చెయ్యి అన్నాను. చేశాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఇప్పుడు వెతికేది వాడొక్కడే కాదు, ఆ రోజు హాల్లో ఉన్న మరో నలుగురం కూడా.

మన సంఘాల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే పండక్కి ఒక్క పది నిమిషాలు శాలువా లేని కథకు కేటాయించండి. ఉద్యోగం పోయినవాళ్లో, డిప్రెషన్ నుంచి బయటపడినవాళ్లో, అమ్మ చివరిచూపుకు వెళ్లలేకపోయినవాళ్లో ఎవరో ఒకరు లేస్తారు.

మా ఉగాది కార్యక్రమంలో ఒక పేరు ఇప్పటికే ఖరారైంది. పుస్తకాలు తూచుకున్న సంగతి ఇక్కడ రాయడానికి నాకు అనుమతి ఇచ్చింది. వేదిక మీద మాత్రం తనే చెబుతుందట.